ఎడారిలో విడిది: నియమాల వెనుక ఉన్న విజ్ఞానం

దోహా నగరంలో మనవారికి బాగా పరిచయమైన పేటలలో అల్ ముంతజా ఒకటి. అరబ్బీ భాషలో 'ముంతజా' అనగా ఉద్యానం, విహారస్థలం. దాని సరసనే ఉన్న ప్రాంతం పేరు రౌదత్ అల్ ఖైల్. 'ఖైల్' అంటే గుర్రాలు. 'రౌదా' అంటే వాననీరు చేరి పచ్చబడే పల్లపు నేల. పూర్వం ఈ దేశంలో పచ్చిక ఉన్న చోటు ఎంత విలువైనదో ఆ పేరే చెబుతుంది. ఇప్పుడు అక్కడ మేడలు, రహదారులు, దుకాణాలు ఉన్నాయి. అసలైన రౌదాను చూడదలచినవారు శీతకాలంలో నగరం దాటి వెళ్లవలసిందే.

నవంబరు నుండి వేసవి తొలిరోజుల వరకు ఖతార్‌లో ఎడారి విడిదికి అనువైన కాలం. గుడారాల నియమాలను, తేదీలను, అనుమతించిన ప్రాంతాలను ప్రభుత్వం ప్రతి సంవత్సరం ప్రకటిస్తుంది. 2021లో ఏర్పడిన పర్యావరణ, వాతావరణ మార్పు మంత్రిత్వ శాఖ ఇప్పుడు ఈ పని చూస్తున్నది. వారాంతంలో పిల్లలతో, పులిహోర డబ్బాలతో బయలుదేరే మన కుటుంబాలలో చాలామందికి ఈ నియమాలు కేవలం జరిమానాల పట్టికగా కనిపిస్తాయి. నిజానికి వాటిలో ప్రతి ఒక్కటీ నీటికో, ఇసుకకో, నిప్పుకో, మొక్కకో సంబంధించిన ఒక ప్రకృతి ధర్మం. కారణం తెలిసినవాడు చూసేవారు లేనిచోట కూడా నియమం తప్పడు. కావున ఈ వ్యాసంలో నియమాలకంటె కారణాలకే ఎక్కువ చోటు ఇవ్వడం జరిగింది.

ముందుగా ఒక భౌగోళిక విషయం. ఖతార్‌లో పర్వతాలు లేవు. దేశంలోకెల్లా ఎత్తైన ఖురైన్ అబుల్ బౌల్ కేవలం 103 మీటర్లు. మన తిరుమల కొండ సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉందని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. కొండ మీద దారి తప్పినవాడు లోయలోకి దిగి, వాగు వెంట నడిచి, ఏదో ఒక పల్లెకు చేరగలడు. ఎడారిలో దిగడానికి లోయ లేదు, అనుసరించడానికి వాగు లేదు. సంవత్సరానికి సగటున 80 మిల్లీమీటర్లకు మించని వర్షపాతం గల నేల ఇది. శేషాచలంలోనో నల్లమలలోనో నేర్చుకున్న అడవి తెలివి ఇక్కడ సగమే పనికివస్తుంది.

నీటి లెక్క

మానవ శరీరం విశ్రాంతిలో ఉన్నప్పుడు కూడా గంటకు 70 నుండి 100 కిలోకాలరీల ఉష్ణాన్ని ఉత్పత్తి చేస్తుంది. నడకలో అది మూడు రెట్లు దాటవచ్చు. చుట్టూ ఉన్న గాలి చర్మం కంటె చల్లగా ఉన్నంతవరకు ఈ వేడి గాలిలోకి పోతుంది. గాలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటిన తరువాత ఆ మార్గం మూసుకుపోయి, గాలే శరీరాన్ని వేడెక్కించడం మొదలుపెడుతుంది. ఇక మిగిలిన సాధనం చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరి కావడానికి శరీరం నుండి సుమారు 580 కిలోకాలరీల గుప్తోష్ణాన్ని తీసుకుంటుంది. మన ఇళ్లలో కుండలోని నీరు చల్లబడే సూత్రమే ఇది. ఎండలో నడిచే మనిషి గంటకు ఒక లీటరు వరకు చెమట కోల్పోవడం అసాధారణమేమీ కాదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన శరీరధర్మ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ అడాల్ఫ్, ఆయన సహచరులు కాలిఫోర్నియా ఎడారిలో సైనికులపై జరిపిన పరిశీలనలు 1947లో గ్రంథంగా వెలువడ్డాయి. వాటిలో రెండు నిర్ణయాలు మనకు ముఖ్యం. మొదటిది: కావలసినంత నీరు దగ్గర ఉన్నా మనుషులు తాము కోల్పోయినంత నీటిని త్రాగరు. దాహం శరీర అవసరానికి వెనుకబడి ఉంటుంది. భోజన సమయంలో మాత్రమే ఆ లోటు చాలావరకు తీరుతుంది. రెండవది: నీటిని పొదుపుగా త్రాగినంత మాత్రాన చెమట తగ్గదు. సీసాలో దాచిన నీరు శరీరంలో లోటును ఆపలేదు. పొదుపు చేయవలసినది చెమటను. నీడలో ఉండడం, చొక్కా విప్పకపోవడం, పగలు కదలకుండా అవసరమైతే రాత్రి నడవడం, ఇవే ఆ పొదుపు.

ఎడారి గాలి పొడిగా ఉన్నప్పుడు చెమట పుట్టిన వెంటనే ఆవిరైపోతుంది కనుక చెమట పట్టడం లేదన్న భ్రమ కలుగుతుంది. చొక్కా మీద తెల్లని ఉప్పు చారలు కనిపించేదాకా విషయం తెలియదు. శరీర బరువులో 2 శాతం నీరు తగ్గేసరికి పనిలో చురుకు తగ్గుతుంది. 10 శాతానికి చేరితే ప్రాణాపాయం. అంతకుముందే మనిషి ఆలోచన మందగిస్తుంది. నీటి కొరతలో దీనిని మించిన ప్రమాదం లేదు. ఆ స్థితిలో ఉన్నవాడు వాహనాన్ని వదలి నడవడం వంటి తప్పు నిర్ణయాలు తీసుకుంటాడు.

2024 ఆగస్టులో సౌదీ అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ ఎడారిలో తెలంగాణకు చెందిన ఒక యువ ఉద్యోగి, అతని తోటి ఉద్యోగి మరణించిన వార్త మన పత్రికలన్నింటిలోనూ వచ్చింది. వారు విహారానికి వెళ్లినవారు కారు, ఉద్యోగధర్మంగా వెళ్లినవారు. దారి చూపే జీపీఎస్ పనిచేయలేదు, ఫోను బ్యాటరీ అయిపోయింది, బండిలో ఇంధనం నిండుకుంది. మూడూ ఒకదాని వెంట ఒకటి జరిగాయి. యంత్రాలన్నీ ఒకేసారి విఫలం కాగలవని ముందే అనుకొని సిద్ధపడాలన్నది ఆ ఘటన తరువాత వేరే చెప్పనక్కరలేని విషయం.

కావున మనిషికి రోజుకు కనీసం 5 లీటర్ల నీరు, దానిపై మరొక రోజుకు సరిపడే నిల్వ బండిలో ఉంచుకోవాలి. జనవరిలో దోహా పగటి ఉష్ణోగ్రత 22 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది కాబట్టి అంత నీరు అక్కరలేదని కొందరు వాదిస్తారు. బండి ఇసుకలో కూరుకుపోతే పార పట్టుకొని రెండు గంటలు త్రవ్వేది కూడా ఆ జనవరిలోనే. ఎక్కడికి వెళుతున్నదీ, ఎప్పటికి తిరిగివచ్చేదీ కాగితం మీద వ్రాసి పక్కింటివారికి ఇవ్వాలి. అనుకున్న గంటకు తిరిగిరాకపోతే 999కు ఫోను చేయమని చెప్పాలి. దారి తప్పితే బండి వద్దనే ఉండాలి. విమానం నుండి చూసేవారికి బండి కనిపించినట్లు మనిషి కనిపించడు. పైగా ఎడారిలో ఉన్న ఒకే ఒక నీడ అదే.

ఇసుక, చక్రం, సముద్రం

ఇసుక గురించి మనకు తెలిసిన దానిలో అధికభాగం రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిషు సైనిక ఇంజనీరు పుణ్యమే. 1920-30 దశకాలలో లిబియా ఎడారిలో మామూలు ఫోర్డు కార్లతో వేల మైళ్లు తిరిగి, చక్రాలలో గాలి తగ్గించి ఇసుకపై నడపడం వంటి ఉపాయాలను ఆచరణలోకి తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. గాలికి కదిలే ఇసుక మీద ఆయన వ్రాసిన గ్రంథం 1941లో వచ్చింది.

గాలి తగ్గించడంలోని లెక్క చాలా సులభం. కుటుంబంతో, సామానుతో కలిపి 2,600 కిలోల బండి అనుకుందాం. చక్రాలలో చదరపు అంగుళానికి 35 పౌన్ల గాలి ఉంటే, నాలుగు చక్రాలూ కలిసి నేలను తాకే వైశాల్యం సుమారు 1,050 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క చక్రం రెండు అరచేతుల మేర నేల మీద ఆ బరువంతా మోపుతున్నదన్నమాట. గాలిని 17 పౌన్లకు తగ్గిస్తే ఆ వైశాల్యం రెట్టింపు అవుతుంది, ఇసుకపై ఒత్తిడి సగమవుతుంది. తిరిగి తారురోడ్డు ఎక్కే ముందు గాలి నింపుకోవడం ఇంతకంటె ముఖ్యం. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు పక్కగోడలు మాటిమాటికి వంగి వేడెక్కి పగులుతాయి. గాలి పంపు, గాలి కొలిచే మీటరు లేకుండా తిన్నెల వైపు వెళ్లకూడదన్నది అందుకే.

ఇసుకతిన్నె ఆకారాన్ని గాలి నిర్ణయిస్తుంది. గాలి వచ్చే వైపు 10, 15 డిగ్రీల వాలుతో మెల్లగా లేచి, అవతలి వైపు 32 నుండి 34 డిగ్రీల వాలుతో తెగినట్లు పడిపోతుంది. పొడి ఇసుక అంతకంటె నిటారుగా నిలువలేదు. ఖతార్‌లో ప్రధానమైన గాలి వాయవ్యం నుండి వీచే షమాల్. కాబట్టి తిన్నెల తెగువాలు సాధారణంగా ఆగ్నేయ దిక్కున ఉంటుంది. మెల్లని వాలు మీదుగా వేగంగా ఎక్కివచ్చే చోదకుడికి శిఖరం అవతల ఏమున్నదో కనిపించదు. ముందు ఒకరు దిగి నడిచి చూడడం, బండికి ఎత్తైన కర్రపై జెండా కట్టడం, రెండు బండ్లకు తక్కువ కాకుండా వెళ్లడం, ఈ మూడు నియమాలూ ఈ ఒక్క వాలు కోణం వల్ల పుట్టినవే. గుడారం ద్వారం కూడా షమాల్‌కు ఎదురుగా ఉండరాదు. ఇసుక రేణువులు ఎగిరిపోవు, నేలకు దగ్గరగా దూకుతూ పోతాయి. అందువల్ల చాపమీద పెట్టిన అన్నపు గిన్నెలో ఇసుక పడుతుంది, బల్లమీద పెట్టినదానిలో తక్కువ పడుతుంది.

దోహాకు దక్షిణాన ఉన్న ఖోర్ అల్ అదైద్‌కు మనవారు తరచుగా వెళుతుంటారు. ఇసుకతిన్నెల నడుమకు సముద్రం ఇరుకైన కాలువగా చొచ్చుకువచ్చి సరస్సువలె విస్తరించిన అపూర్వ ప్రదేశమిది. 2007లో రక్షిత ప్రాంతమైంది. 2008 నుండి యునెస్కో ప్రపంచ వారసత్వపు ప్రతిపాదిత జాబితాలో ఉంది. ఇక్కడ తిన్నెలకంటె సబ్ఖా ఎక్కువ ప్రమాదకరం. కృష్ణా, గుంటూరు తీరపువారికి చవిటిపర్ర తెలుసు. సబ్ఖా దానికి సోదరి. పైన ఎండిన ఉప్పు పొర, క్రింద తడి బురద. పొర గట్టిగా, చదునుగా కనిపించి బండిని పిలుస్తుంది, నడిమికి వచ్చాక విరుగుతుంది. ముందు వెళ్లిన బండ్ల జాడను వదలరాదు. తీరం వెంట పోయే దారిలో పోటు వేళలు తెలుసుకోవాలి. అమావాస్యకు, పున్నమికి సూర్యచంద్రుల ఆకర్షణలు కలిసి పోటు ఎక్కువవుతుంది. మన పంచాంగం ఇంట్లో ఉన్నవారికి ఆ రెండు తిథులు వేరే చెప్పనవసరం లేదు.

నిప్పు

ఎడారి రాత్రి చలికి కారణం పొడి గాలి. ఆకాశంలో నీటి ఆవిరి ఒక దుప్పటివలె పనిచేస్తుంది. మేఘం లేక, ఆవిరి తగ్గినప్పుడు నేల తన వేడిని అంతరిక్షంలోకి త్వరగా వదిలివేస్తుంది. పొడి ఇసుక ఉష్ణాన్ని లోపలికి పోనివ్వదు గనుక నిల్వ ఉండే వేడి కూడా పై కొద్ది అంగుళాలలోనిదే. అర్ధరాత్రి చలి వేయగానే మనిషికి తోచే మొదటి ఆలోచన, బయట మిగిలిన బొగ్గుల కుంపటిని గుడారంలోకి తెచ్చుకోవడం.

ఈ వ్యాసమంతటిలో ఒకే ఒక వాక్యం గుర్తుంచుకోదలచినవారు దీనిని గుర్తుంచుకోండి: మూసిన గుడారంలో బొగ్గులు ఉంచరాదు. పొగ లేకుండా ఎర్రగా కనిపించే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ వాయువును విడుస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా ఆసక్తితో ఈ వాయువును పట్టుకొని వదలదు. మొదటి లక్షణాలు తలనొప్పి, మత్తు. నిద్రపోవడానికి వచ్చినవారికి మత్తు ప్రమాదసూచనగా ఎలా తోస్తుంది? స్కాటిష్ శాస్త్రజ్ఞుడు జాన్ స్కాట్ హాల్డేన్ 1890 దశకంలోనే గనుల మరణాలను పరిశోధించి, మనిషి కంటె త్వరగా ఈ విషానికి లోనయ్యే చిన్న ప్రాణులను హెచ్చరికగా ఉంచుకోవచ్చని సూచించాడు. విషం ఎక్కినవారిని బయటి గాలిలోకి తెచ్చినా, రక్తంలో దాని పాలు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. వెంటనే ఆసుపత్రికి చేర్చి ప్రాణవాయువు ఇప్పించాలి. చలికి కంబళి, సంచివంటి పడకదుప్పటి, నేలకూ పడకకూ నడుమ మందమైన పరుపు, ఇవే ఉపాయాలు. బండి ఇంజను నడుపుతూ లోపల నిద్రించడం కూడా ఇటువంటిదే. పొగగొట్టం ఇసుకలో పూడి ఉంటే మరీ ప్రమాదం.

నేలపై నేరుగా నిప్పు వేయరాదని, ఇనుప పళ్లెంలోనో పొయ్యిలోనో వేయాలని నియమం. పై పొరలో నిద్రాణంగా ఉన్న విత్తనాలు మాడిపోవడం ఒక కారణం. బొగ్గులను ఇసుకతో కప్పి ఆరిపోయిందనుకోవడం మరొకటి. ఇసుక ఉష్ణనిరోధకం కదా, అది నిప్పును ఆర్పదు, దాచిపెడుతుంది. గంటల తరువాత కూడా ఆ చోట చెప్పులు లేకుండా పరుగెత్తే పిల్లల పాదాలు కాలుతాయి. నీళ్లు పోసి ఆర్పి, బొగ్గులను వెంట తీసుకురావాలి. కట్టెలు కూడా ఇంటి నుండే తీసుకువెళ్లాలి. ఎండిన కొమ్మ మనకు వంటచెరకు, బల్లికి ఇల్లు.

పర్వతాలకు వెళ్లేవారికి

సెలవులలో ఒమాన్ వెళ్లి జబల్ షమ్స్ ఎక్కేవారు మన సంఘంలో ఏటేటా పెరుగుతున్నారు. సుమారు 3,000 మీటర్ల ఎత్తైన ఆ పర్వతంపై, కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీల చొప్పున లెక్కించినా, తీరం కంటె 19 డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఖతార్ దుస్తులతో అక్కడ రాత్రి గడపలేము. అక్కడి వాదీలు, అనగా ఎండిన వాగులు, మరింత జాగ్రత్త పడవలసినవి. గుడారానికి చదునుగా, గాలి తగలకుండా అనువుగా కనిపించే చోటు వాగు గర్భమే. రాతి కొండ మీద పడిన వాన ఇంకదు. మన తలమీద ఆకాశం నిర్మలంగా ఉండగానే పైనుండి వరద వస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఒమాన్‌లో వచ్చిన వాదీ వరదలలో పాఠశాల పిల్లలతో సహా పలువురు మరణించారు.

స్వదేశంలో తలకోనకో నల్లమలకో పిల్లలను తీసుకువెళ్లేవారు ఒక చట్టాన్ని తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి అటవీశాఖ అనుమతి కావాలి. అక్కడ నిప్పు పెట్టడం నేరం. వేసవిలో ఆకురాలిన శేషాచలం అడవికి ఒక అగ్గిపుల్ల చాలు.

రౌదా

మళ్లీ ఖతార్‌కు వద్దాం. దేశపు నేల చాలావరకు సున్నపురాయి. భూగర్భంలో రాయి కరిగి పైభాగం క్రుంగినచోట పల్లాలు ఏర్పడ్డాయి. అరుదైన వాన పడినప్పుడు చుట్టుపక్కల నీరు, దానితోపాటు మెత్తని ఒండ్రు ఆ పల్లాలకు చేరుతుంది. అదే రౌదా. భూగర్భజలానికి నీరు ఇంకే ద్వారాలు కూడా ఇవే. ఇక్కడి చెట్లు మనకు పరాయివి కావు. సిద్ర్ మన రేగుకు, సమ్ర్ మన తుమ్మకు దగ్గరి బంధువులు. గాఫ్ అయితే బంధువు కూడా కాదు, సాక్షాత్తు మన జమ్మిచెట్టే. దసరానాడు మనం పూజించే, తెలంగాణ రాష్ట్రవృక్షమైన ఆ జమ్మి ఖతార్‌లో అరుదుగా, పొరుగున ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జాతీయవృక్షంగా కనిపిస్తుంది. వాన మంచిగా పడిన శీతకాలం చివర కొన్ని చిన్న మొక్కల వేళ్లను ఆశ్రయించి 'ఫగా' అనే నేలలోపలి పుట్టగొడుగు పెరుగుతుంది. ఉరుములకే అది పుడుతుందని అరబ్బులు అంటారు. మన పల్లెలలో పుట్టగొడుగుల గురించి ఇదే మాట వింటాము.

రౌదాలో బండి నడపరాదన్న నిబంధనకు 1995 నాటి 32వ నంబరు చట్టం ఆధారం. ఒక్కసారి నడిపితే ఏమవుతుంది? ఎడారి నేలపై కంటికి ఆనని సూక్ష్మజీవులు, నాచు జాతులు, శిలీంధ్రాలు కలిసి రేణువులను బంధించిన పలుచని పొర ఉంటుంది. రాతి మైదానాలలో గులకరాళ్ల పరుపు ఇదే పని చేస్తుంది. చక్రం ఈ పొరను పగులగొట్టి, క్రింది ఒండ్రును నొక్కివేస్తుంది. గట్టిపడిన నేలలో నీరు ఇంకదు, విత్తనం వేరు దించలేదు. పగిలినచోటు నుండి గాలి మట్టిని ఎత్తుకుపోతుంది. మన పొలాలలో ట్రాక్టరు జాడ ఒక దుక్కితో పోతుంది. ఎడారిలో దున్నే వానలు లేవు. అమెరికాలోని మొహావీ ఎడారిలో 1942లో జనరల్ ప్యాటన్ సైనికశిక్షణకు తిప్పిన ట్యాంకుల జాడలు 80 సంవత్సరాల తరువాత కూడా కనిపిస్తున్నాయి.

రౌదాలను ఆశ్రయించిన ప్రాణులలో ధబ్ అనే ముళ్లతోక బల్లి, రోళ్లపాడు బట్టమేకకు బంధువైన హుబారా పక్షి ముఖ్యమైనవి. వేటను నియంత్రిస్తూ 2002లో చట్టం వచ్చింది. ధబ్ వేడిని తప్పించుకొనేది లోతైన బిలంలో. ఇసుకలో అడుగు లోతుకు పోతే పగలు రాత్రుల తేడా దాదాపు తెలియదు. పిల్లలు సరదాకు ఆ బిలంలో నీళ్లు పోయడం, కర్ర పెట్టడం చేయకుండా చూడాలి. ఆ చల్లదనం కోసమే తేళ్లు కూడా రాళ్ల క్రింద, మన బూట్లలో చేరుతాయి. అతినీల కాంతినిచ్చే చిన్న టార్చి ఉంటే రాత్రి తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. పడక వేసే ముందు ఒకసారి చుట్టూ చూసుకోవచ్చు.

చెత్త విషయంలో ఒక్క సంగతి. దుబాయిలో 2008 నుండి పరిశీలించిన 30,000 ఒంటె కళేబరాలలో 300 ఒంటెల కడుపులలో ప్లాస్టిక్ సంచులు ముద్దకట్టి ఉన్నట్లు పశువైద్య శాస్త్రజ్ఞులు ప్రకటించారు. వాటిలో ఒక ముద్ద 64 కిలోలు. పెరుగుప్యాకెట్టులో ఉప్పు మిగులుతుంది, ఒంటెకు ఉప్పు కావాలి. మూటకట్టి బండిలో పెట్టిన చెత్త మూతి కూడా బిగించి కట్టాలి. ఇంటికి చేరేలోపల షమాల్‌కు ఎగిరిపోయేది ఆ పైనున్న సంచులే.

గుడారం వేయడానికి చోటు ఎన్నుకొనేటప్పుడు ఎవరూ త్రొక్కని పచ్చని చోటును వెదకకండి. ఇదివరకే విడిది చేసి గట్టిపడిన, మొక్క లేని, చెట్టుకు దూరమైన చోటును ఎన్నుకోండి. పచ్చికను దూరం నుండి, నడిచివెళ్లి చూడవచ్చు. ఫిబ్రవరిలో వాన పడిన వారం తరువాత వెళ్లినవారికి రౌదాలో చిటికెన వ్రేలంత మొక్కలకు పువ్వులు కనిపిస్తాయి. అవి గింజ కట్టి ఎండిపోవడానికి కొన్ని వారాలే వ్యవధి ఉంటుంది.